టెంక పండ్ల తోటల్లో మందుకు లొంగని తెగుళ్ళు: ఒక సమీక్ష

పీచ్, నెక్టరిన్, ప్లమ్, ఆప్రికాట్, చెర్రీ, బాదం చెట్లన్నీ ప్రూనస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. కాయలో గట్టి టెంక, ఆ టెంక లోపల గింజ ఉండటం వీటి ఉమ్మడి లక్షణం కాబట్టి వీటిని కలిపి టెంక పండ్లు అంటారు. చలికాలపు చల్లదనం లేనిదే సరిగా పూయని ఈ చెట్లు తెలుగు నేల మీద చెప్పుకోదగ్గ తోటలుగా లేవు. హైదరాబాదు విందుల్లో ఖుబానీ కా మీఠాకు వాడే ఎండు ఆప్రికాట్లు సైతం బయటి నుంచి వచ్చేవే. అయినప్పటికీ ఈ తోటల్లో గత యాభై ఏళ్ళలో జరిగిన ఒక పరిణామం, ఏ పంట వేసినా తెగులు మందులు కొట్టే ప్రతి రైతుకూ సంబంధించినది. శిలీంధ్రాలను చంపడానికి ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన కొత్త మందులు మొదటి కొన్నేళ్ళు అద్భుతంగా పనిచేసి, ఆ తర్వాత అవే తోటల్లో, అదే మోతాదులో కొట్టినా ఫలితం ఇవ్వడం మానేశాయి. శిలీంధ్రం మందుకు లొంగకుండా పోయే ఈ స్థితినే నిరోధకత అంటారు. అయితే ఈ ఒక్క పేరు కింద ఉన్నది ఒక్క జీవప్రక్రియ కాదు. మందు వర్గాన్ని బట్టి, శిలీంధ్ర జాతిని బట్టి అది వేర్వేరు దారుల్లో పుడుతుంది, వేర్వేరు వేగాలతో పెరుగుతుంది, కొన్నిచోట్ల తగ్గుతుంది, కొన్నిచోట్ల దశాబ్దాల పాటు నిలిచిపోతుంది. ఆ తేడాలను పక్కన పెట్టి ఇచ్చే "మందు మార్చి కొట్టండి" అనే సలహా ఎందుకు సగమే పనికొస్తుందో ఈ సమీక్ష పరిశీలిస్తుంది.

తెగులు తీరు

టెంక పండ్లకు వచ్చే శిలీంధ్ర తెగుళ్ళలో ప్రధానమైనది గోధుమరంగు కుళ్ళు. దీనిని కలిగించేవి మోనిలీనియా ప్రజాతికి చెందిన మూడు జాతులు: ఉత్తర, దక్షిణ అమెరికాల్లోనూ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోనూ విస్తరించిన మోనిలీనియా ఫ్రుక్టికోలా, ఐరోపాలో ముఖ్యమైన మోనిలీనియా లాక్సా, మోనిలీనియా ఫ్రుక్టిజెనా. వీటిలో మొదటిది 2001లో ఫ్రాన్స్ తోటల్లో బయటపడి, ఆ తర్వాత ఐరోపాలోని ఇతర దేశాలకూ పాకింది.

ఈ తెగులు ఏటా రెండు దశల్లో దెబ్బతీస్తుంది. పూత సమయంలో వాన పడితే పువ్వులు మాడిపోతాయి. శిలీంధ్రం పువ్వు తొడిమ గుండా రెమ్మలోకి దిగి పుండు చేస్తుంది, ఆ పుండు చుట్టూ బంక కారుతుంది. పచ్చికాయ దశలో సోకిన శిలీంధ్రం చాలాసార్లు ఏ లక్షణమూ చూపకుండా తొక్క కింద అణగి ఉంటుంది. దీన్ని గుప్త సంక్రమణ అంటారు. కాయలో చక్కెర చేరి మెత్తబడే చివరి రెండు మూడు వారాల్లో అది మేల్కొని, చిన్న గోధుమరంగు మచ్చగా మొదలై, కొద్ది రోజుల్లోనే పండంతటినీ ఆక్రమించి, పైన బూడిదరంగు సిద్ధబీజాల కుచ్చులను పుట్టిస్తుంది. సిద్ధబీజం అంటే శిలీంధ్రం తన సంతతిని గాలిలోకో నీటిలోకో వదిలే సూక్ష్మకణం. కుళ్ళిన పండు ఎండి ముడుచుకుపోయి చెట్టునే అంటిపెట్టుకుంటే తోటమాలులు దాన్ని మమ్మీ అంటారు. చలికాలమంతా శిలీంధ్రం ఆ మమ్మీలలో, రెమ్మల పుండ్లలో తలదాచుకొని, మరుసటి వసంతంలో పూతకు సోకుతుంది.

ఈ జీవితచక్రంలోనే నిరోధకతకు కావలసిన పరిస్థితులన్నీ ఉన్నాయి. ఒక్కో పండు మీద పుట్టే సిద్ధబీజాల సంఖ్య అపారం. ఒకే కాలంలో అనేక తరాలు గడుస్తాయి. పూత నుంచి కోత దాకా మందు పలుమార్లు పడుతుంది. శిలీంధ్రం చలికాలం కూడా తోటలోనే గడుపుతుంది కాబట్టి ఈ ఏడు మందును తట్టుకున్న రకం వచ్చే ఏడు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇందుకు భిన్నమైన ఉదాహరణ పీచ్ ఆకుముడత. టాఫ్రినా డిఫార్మాన్స్ కలిగించే ఈ తెగులుకు ఆకులు రాలాక గానీ మొగ్గలు ఉబ్బక ముందు గానీ ఒకటి రెండుసార్లు రాగి మందు కొడితే చాలు. వందేళ్ళకు పైగా ఈ పద్ధతి సాగుతున్నా అక్కడ నిరోధకత సమస్యగా మారలేదు. అంటే మందు గుణమొక్కటే కాక, అది శిలీంధ్రాన్ని ఎన్నిసార్లు, ఎన్ని తరాల మీద వడపోస్తున్నది అనేది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

నిరోధకత పుట్టే విధం

శిలీంధ్రం మందుకు "అలవాటు పడుతుంది" అనే మాట వ్యవహారంలో ఉన్నా, జరిగేది అది కాదు. కోట్ల సిద్ధబీజాల్లో అప్పుడప్పుడు జన్యువులో ఒక అక్షరం మారుతుంది. ఈ మార్పును ఉత్పరివర్తన అంటారు. మందు పడనంత కాలం ఆ మార్పు వల్ల లాభం లేదు. మందు పడ్డాక మిగతావి చచ్చి, మారినది మాత్రం మిగిలి, ఖాళీ అయిన చోటంతా తన సంతతితో నింపుతుంది. మందు కొత్త లక్షణాన్ని సృష్టించదు, ఉన్నదాన్ని ఎంచి పెంచుతుంది. ఈ ఎంపికను వరణం అంటారు.

గంధకం, రాగి, కాప్టాన్, జైరామ్ వంటి పాత మందులు శిలీంధ్ర కణంలో ఒకేసారి అనేక చోట్ల దెబ్బతీస్తాయి కాబట్టి ఒక్క ఉత్పరివర్తనతో వాటి నుంచి తప్పించుకోవడం సాధ్యం కాదు. వీటిని బహుళ లక్ష్య మందులు అంటారు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన డబ్ల్యూ. ఎం. స్కాట్ 1908లో ప్రకటించిన సున్నం–గంధకం మిశ్రమం ఈ కోవలోనిదే. పొయ్యి మీద ఉడికించిన మిశ్రమం పీచ్ ఆకును మాడుస్తుంది కాబట్టి, కాల్చిన సున్నంలో నీళ్ళు పోసినప్పుడు పుట్టే వేడితోనే గంధకాన్ని కలిపే పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చారు. 1950లలో వచ్చిన కాప్టాన్ నేటికీ పీచ్ తోటల్లో పనిచేస్తూనే ఉంది. అయితే ఈ మందులన్నీ ఆకు, కాయ పైన మాత్రమే ఉంటాయి. సోకక ముందే పడాలి, వానకు కొట్టుకుపోతే మళ్ళీ కొట్టాలి. సోకిన తర్వాత కూడా పనిచేసే, తక్కువ మోతాదు చాలే మందుల కోసం వెతుకులాట అక్కడి నుంచే మొదలైంది. ఆ వెతుకులాటలో దొరికిన మందులు దాదాపు అన్నీ శిలీంధ్ర కణంలో ఒకే ఒక ప్రొటీన్ మీద గురిపెట్టేవి. వాటి బలం, బలహీనత రెండూ ఆ ఒకే గురిలో ఉన్నాయి.

బెంజిమిడజోల్‌లు: ఒక్క మార్పుతో మొదలైన కథ

కణం రెండుగా చీలేటప్పుడు జన్యుపదార్థాన్ని చెరో వైపుకు లాగే సన్నని నాళికలు ట్యూబులిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతాయి. బెనోమిల్, కార్బెండజిమ్, థయోఫనేట్ మిథైల్ వంటి బెంజిమిడజోల్‌లు ఇందులోని బీటా ట్యూబులిన్ అనే భాగానికి అంటుకొని నాళికలు ఏర్పడకుండా ఆపుతాయి. 1970ల తొలినాళ్ళలో టెంక పండ్ల తోటల్లోకి వచ్చిన బెనోమిల్ గోధుమరంగు కుళ్ళును ఎంత సమర్థంగా అరికట్టిందంటే, చాలామంది రైతులు మిగతా మందులను పక్కన పెట్టి దానినే పదేపదే కొట్టారు. ఆ దశాబ్దం సగం గడిచేసరికే ఆస్ట్రేలియాలోనూ అమెరికాలోని మిషిగన్‌లోనూ నిరోధక రకాలు బయటపడ్డాయి.

తరువాతి కాలంలో కాలిఫోర్నియా పరిశోధకులు మోనిలీనియా ఫ్రుక్టికోలాలో రెండు వేర్వేరు మార్పులను గుర్తించారు. బీటా ట్యూబులిన్‌లో 198వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు అలనిన్ చేరితే నిరోధకత చాలా ఎక్కువ. మోతాదు ఎంత పెంచినా తోటలో ఫలితం ఉండదు. ఆరో స్థానంలో హిస్టిడిన్ బదులు టైరోసిన్ చేరితే నిరోధకత తక్కువ స్థాయిలో ఉంటుంది. మొదటి మార్పు వల్ల శిలీంధ్రం మనుగడకు చెప్పుకోదగ్గ లోటు లేదు కాబట్టి, మందు వాడకం తగ్గిన తర్వాత కూడా ఈ రకాలు తోటల్లో ఏళ్ళ తరబడి నిలిచిపోయాయి. ఒకసారి పోయిన మందు తిరిగి రాకపోవచ్చు అనే పాఠాన్ని వ్యవసాయ లోకానికి నేర్పిన తొలి వర్గాల్లో ఇది ఒకటి. ఇటువంటి అనుభవాల నేపథ్యంలోనే తయారీ సంస్థలు కలిసి 1981లో శిలీంధ్రనాశినుల నిరోధకతపై కార్యాచరణ సంఘాన్ని ఏర్పరచుకొన్నాయి. ఆంగ్ల పొడి అక్షరాల్లో ఫ్రాక్ అనే ఈ సంఘం మందులను పనిచేసే తీరును బట్టి అంకెలతో వర్గీకరిస్తుంది. బెంజిమిడజోల్‌లది ఒకటో అంకె.

దీనికి ఎదురు ఉదాహరణ ఇప్రోడియోన్, విన్‌క్లోజోలిన్ వంటి డైకార్బాక్సిమైడ్‌లు. వీటికి నిరోధకత న్యూజిలాండ్ తోటల్లో 1980లలోనే కనబడింది గానీ, ఆ రకాలు సాధారణంగా బలహీనమైనవి. ప్రయోగశాలలో పుట్టించిన అధిక నిరోధక రకాలైతే చక్కెర గానీ ఉప్పు గానీ ఎక్కువగా ఉన్న మాధ్యమంలో సరిగా పెరగనే పెరగవు. మందు ఆపితే వాటి వాటా తగ్గుతుంది. ఒకే సమస్యగా కనబడే రెండింటిలో ఒకచోట విరామం పనిచేస్తుంది, మరొకచోట పనిచేయదు.

ట్రయజోల్‌లు: మెట్టు మెట్టుగా

బెంజిమిడజోల్‌ల తర్వాత తోటలను ఆదుకున్నవి ప్రోపికొనజోల్, టెబుకొనజోల్, ఫెన్‌బుకొనజోల్ వంటి ట్రయజోల్‌లు. శిలీంధ్ర కణపు పొరకు అవసరమైన ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారీలో సిప్51 అనే ఎంజైము ఒక కీలకమైన మెట్టును నడుపుతుంది. ఈ మందులు దాన్ని ఆపుతాయి. వీటికి నిరోధకత రాత్రికి రాత్రి రాదు. శిలీంధ్ర సముదాయం సగటున కొద్దికొద్దిగా మందును ఎక్కువ తట్టుకునే వైపుకు జరుగుతుంది. మొదట రక్షణ వ్యవధి తగ్గుతుంది, తర్వాత మోతాదు చాలదు, చివరికి మందు విఫలమవుతుంది. ఈ మెల్లని జారుడును రైతు మొదటి ఏళ్ళలో వాతావరణం మీదికో, పిచికారీ లోపం మీదికో నెట్టివేయడం సహజం.

2000 దశకంలో జార్జియా పీచ్ తోటల్లో ప్రోపికొనజోల్ విఫలమైనప్పుడు జరిగిన పరిశోధన ఈ వర్గంలో ఒక విశేషాన్ని వెల్లడించింది. నిరోధక రకాల్లో సిప్51 ఎంజైము నిర్మాణం మారలేదు. ఆ జన్యువుకు ముందు భాగంలో 65 అక్షరాల పొడవున్న ఒక చిన్న డీఎన్ఏ ముక్క అదనంగా చేరి ఉంది. మోనా అని పేరుపెట్టిన ఆ ముక్క జన్యువును ఎక్కువగా పనిచేయిస్తుంది. ఎంజైము మామూలు కన్నా ఎక్కువ పరిమాణంలో తయారవుతుంది కాబట్టి మందు అంతటినీ ఆపలేకపోతుంది. బ్రెజిల్‌లో టెబుకొనజోల్‌ను తట్టుకున్న అదే జాతి శిలీంధ్రంలోనైతే ఎంజైములోనే 461వ స్థానంలో గ్లైసిన్ బదులు సెరిన్ చేరిన మార్పు కనబడింది. జాతి ఒకటే, మందు వర్గం ఒకటే, చేరుకున్న ఫలితం ఒకటే. దారులు మాత్రం వేరు. అందువల్ల మోనాను వెతికే జన్యు పరీక్ష జార్జియాలో నమ్మదగినదైనా, మరో ఖండంలో నిరోధక రకాన్ని లొంగే రకంగా చూపే ప్రమాదం ఉంది.

ఈ నిరోధకత అంత స్థిరమైనది కాదనే సూచనలు కూడా ఉన్నాయి. ప్రోపికొనజోల్‌ను తట్టుకున్న రకాలను మందు లేని మాధ్యమంలో మళ్ళీ మళ్ళీ పెంచినప్పుడు, చల్లగా నిల్వ చేసినప్పుడు వాటి తట్టుకునే శక్తి తగ్గింది. తోటలో దీని ప్రభావం ఎంత అన్నది వేరే ప్రశ్న అయినా, ప్రయోగశాలలో నిల్వ చేసిన నమూనాలను ఆలస్యంగా పరీక్షిస్తే సమస్య తీవ్రత తక్కువగా కనబడవచ్చుననే హెచ్చరిక ఇందులో ఉంది.

మిషిగన్ పుల్ల చెర్రీ తోటలది ఇదే కోవకు చెందిన అనుభవం. అక్కడ ఆకుమచ్చను కలిగించే బ్లూమెరియెల్లా జాపీ ముందుగా ట్రయజోల్‌లకు లొంగడం మానింది. అందులోనూ సిప్51 జన్యువుకు ముందు ఒక అదనపు డీఎన్ఏ ఖండం చొరబడి, ఎంజైము ఉత్పత్తిని పెంచినట్టు తేలింది. శ్వాస వ్యవస్థ మీద పనిచేసే బోస్కాలిడ్‌కు సైతం తర్వాత అక్కడ నిరోధకత కనబడింది. ఆకులు ముందే రాలిపోయి మరుసటి ఏటి చలికి చెట్లే దెబ్బతినే పరిస్థితి వచ్చాక, రైతులు మళ్ళీ రాగి మందులను, కాప్టాన్‌ను కార్యక్రమంలోకి తెచ్చుకున్నారు.

స్ట్రాబిల్యూరిన్‌లు: ఒక జాతిని ఆపలేనిది మరో జాతిని ఆపింది

1996లో మార్కెట్లోకి వచ్చిన స్ట్రాబిల్యూరిన్ వర్గం, అంటే అజాక్సిస్ట్రోబిన్, ట్రైఫ్లాక్సిస్ట్రోబిన్, పైరాక్లోస్ట్రోబిన్ వంటివి, శ్వాసక్రియలో పాల్గొనే సైటోక్రోమ్ బి ప్రొటీన్‌ను అడ్డుకుంటాయి. ఆ ప్రొటీన్‌లో 143వ స్థానంలో గ్లైసిన్ బదులు అలనిన్ చేరితే మందు పూర్తిగా నిష్ఫలమవుతుంది. అనేక పంటల్లో అనేక శిలీంధ్రాలు కొద్ది ఏళ్ళలోనే ఈ మార్పును సంతరించుకున్నాయి. కాలిఫోర్నియా బాదం తోటల్లో ఆకుమచ్చను కలిగించే ఆల్టర్నేరియా వాటిలో ఒకటి.

ఇదే మందును ఇదే విధంగా వాడినా, మోనిలీనియాలో ఈ మార్పు వల్ల పుట్టే పూర్తి నిరోధకత తోటల్లో విస్తరించలేదు. కారణం జన్యువు అమరికలో ఉంది. ప్రొటీన్ తయారయ్యే ముందు జన్యు సందేశం నుంచి కత్తిరించి తీసివేసే అర్థంలేని భాగాలను ఇంట్రాన్‌లు అంటారు. మోనిలీనియాలో ఇటువంటి ఇంట్రాన్ ఒకటి సరిగ్గా 143వ స్థానం పక్కనే మొదలవుతుంది. ఆ స్థానంలో అక్షరం మారితే కత్తిరింపు సరిగా జరగదు, సైటోక్రోమ్ బి తయారు కాదు, కణం శ్వాసించలేక చస్తుంది. మందు నుంచి తప్పించే మార్పే ప్రాణం తీస్తుంది కాబట్టి అది నిలవదు. అలాగని దీన్ని శాశ్వత రక్షణగా భావించడం సరికాదు. బూడిదరంగు బూజు తెగులును కలిగించే బోట్రిటిస్ సినెరియాలో కొన్ని రకాలకు ఈ ఇంట్రాన్ ఉంది, కొన్నింటికి లేదు; లేని రకాల్లోనే నిరోధకత పుట్టి పెరిగింది. పైగా జార్జియా, సౌత్ కరోలినా తోటల్లో మోనిలీనియా ఈ వర్గానికి పూర్తిగా కాకపోయినా కొంతమేరకు తక్కువగా లొంగుతున్నట్టు 2010 నాటికే నమోదైంది.

పసిగట్టే పద్ధతులు

మందు విఫలమయ్యాక కారణం వెతకడం కన్నా, కొట్టే ముందే తోటలోని శిలీంధ్రం దేనికి లొంగుతుందో తెలుసుకోవడం మేలు. శిలీంధ్రం పెరుగుదలను సగానికి తగ్గించే మందు సాంద్రతను కొలిచే ప్రయోగశాల పద్ధతి ఖచ్చితమైనదైనా నిదానమైనది. అందుకే అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో పరిశోధకులు పెదవులకు రాసుకునే బామ్ గొట్టాల్లో మందు కలిపిన అగర్ మాధ్యమాన్ని నింపి ఒక సులువైన పరీక్షను తయారు చేశారు. గొట్టం అడుగును తిప్పితే అగర్ పైకి వస్తుంది. దాన్ని పలుచని బిళ్ళలుగా కోసి, కుళ్ళిన పండు మీది సిద్ధబీజాలను దూదిపుల్లతో అంటించి, కొద్ది రోజులు ఉంచితే, మందు ఉన్న బిళ్ళ మీద శిలీంధ్రం ఎంత పెరిగిందో కంటికే తెలుస్తుంది. ఇది శిలీంధ్రం ప్రవర్తనను నేరుగా చూపుతుంది కాబట్టి, నిరోధకత ఏ దారిలో వచ్చినా పట్టుకుంటుంది. జన్యు పరీక్ష తనకు తెలిసిన దారిని మాత్రమే పట్టుకుంటుంది. రెండింటినీ కలిపి వాడటమే సరైన పద్ధతి.

యాజమాన్యంపై వాదాలు

నిరోధకతను ఆలస్యం చేయడానికి ప్రచారంలో ఉన్న సూత్రాలు మూడు: వర్గాలను మార్చి మార్చి కొట్టడం, రెండు వర్గాలను కలిపి కొట్టడం, ఒక వర్గాన్ని ఒక కాలంలో ఎన్నిసార్లు వాడవచ్చో పరిమితి పెట్టడం. వీటిలో మూడోదానికి ఆధారం అన్నిటికన్నా బలమైనది. పిచికారీల సంఖ్య తగ్గితే వరణం తగ్గుతుందనడంలో భేదాభిప్రాయం లేదు. మార్పిడి, మిశ్రమం రెండూ ఉపయోగపడతాయి గానీ, కలిపిన రెండో మందు శిలీంధ్రాన్ని నిజంగా చంపగలిగినప్పుడే మిశ్రమం రక్షణ అవుతుంది. ఒక వర్గానికి నిరోధకత ముందే స్థిరపడిన తోటలో ఆ మందు ఉన్న మిశ్రమం పేరుకు రెండు మందులైనా చేసేది ఒక్క మందు పనే. అందుకే కాప్టాన్ వంటి బహుళ లక్ష్య మందు తోడుగా ఉన్న మిశ్రమాలకు విలువ ఎక్కువ.

మోతాదు విషయంలో వివాదం పాతది. పూర్తి మోతాదు కొడితే అరకొర నిరోధకత ఉన్న రకాలు కూడా చస్తాయి కాబట్టి నిరోధకత పుట్టదని ఒక వాదం. మోతాదు పెరిగేకొద్దీ లొంగే రకాలకూ లొంగని వాటికీ మధ్య తేడా పెరిగి వరణం తీవ్రమవుతుందని మరో వాదం. గణిత నమూనాలు, ప్రయోగాలు కలిపి చూస్తే రెండో వాదానికే మద్దతు ఎక్కువ. కానీ మోతాదు తగ్గిస్తే తెగులు ఆగక పంట పోయే ముప్పు ఉంది కాబట్టి, పంటను నిలబెట్టే మోతాదును వాడుతూ పిచికారీలను తగ్గించుకోవడమే ఆచరణకు అందే మార్గం.

పిచికారీలు తగ్గాలంటే మందు మీద పడే భారం తగ్గాలి. మమ్మీలను చలికాలంలోనే కోసి తోట బయటికి చేర్చడం, పుండు పడిన రెమ్మలను కత్తిరించడం, కాయలు పలుచన చేసేటప్పుడు రాల్చిన పచ్చికాయలను చెట్ల కింద తడిలో వదలకపోవడం ఇందులోని తొలి పనులు; ఆ రాల్చిన కాయల మీద కూడా సిద్ధబీజాలు పుట్టగలవు. కొమ్మల మధ్య గాలి ఆడేలా కత్తిరించడం, పండుకు గాటు పెట్టే పురుగులను అదుపులో ఉంచడం, వానను చూసి పిచికారీ సమయాన్ని నిర్ణయించడం ఆ తర్వాతివి. కోత తర్వాత ప్యాకింగ్ కేంద్రాల్లో పండ్లకు పట్టించే ఫ్లుడియాక్సోనిల్ వంటి మందు వర్గాన్ని తోటలో వాడకపోతే, అక్కడి ఆయుధం ఇక్కడే అరిగిపోకుండా ఉంటుంది. తట్టుకునే రకాల పెంపకంలో బ్రెజిల్‌కు చెందిన బొలింయా అనే పీచ్ రకం ముఖ్యమైన ఆధారంగా ఉంది. అయితే దాని తట్టుకునే గుణం ఒకే జన్యువు మీద ఆధారపడినది కాకపోవడంతో, దాన్ని మంచి రుచి, పరిమాణం ఉన్న రకాల్లోకి తేవడం నిదానంగా సాగే పని.

తెలుగు రైతుకు సంబంధం

ఇక్కడ చర్చించిన మందులు తెలుగు పల్లెల్లో పేరు తెలిసినవే. బావిస్టిన్‌లో ఉన్నది కార్బెండజిమ్. టిల్ట్‌లో ఉన్నది ప్రోపికొనజోల్, కాంటాఫ్‌లో ఉన్నది హెక్సాకొనజోల్. వరి పొడ తెగులుకు టిల్ట్ కొట్టి, అది పనిచేయలేదని కాంటాఫ్ తెచ్చుకున్న రైతు దుకాణంలో డబ్బా మార్చాడే గానీ వర్గం మార్చలేదు. రెండూ సిప్51 మీద పనిచేసే ట్రయజోల్‌లే. అజాక్సిస్ట్రోబిన్‌తో డైఫెనోకొనజోల్‌ను, ట్రైఫ్లాక్సిస్ట్రోబిన్‌తో టెబుకొనజోల్‌ను కలిపి అమ్మే మిశ్రమాలు మిరప, వరి పొలాల్లో సాధారణమయ్యాక, ఒకే కాలంలో రెండు మూడు బ్రాండ్లు మార్చినా అవే రెండు వర్గాలు పదేపదే పడే అవకాశం పెరిగింది.

టెంక పండ్ల తోటల అర్ధశతాబ్దపు అనుభవం నుంచి తేలేది, కొత్త మందు రావడం వల్ల సమస్య తీరలేదన్నది మాత్రమే కాదు. ట్యూబులిన్‌లోని మార్పు స్థిరమైనది కాబట్టి అక్కడ విరామం పనికిరాదు. ట్రయజోల్‌ల జారుడు నెమ్మదైనది కాబట్టి అక్కడ ఏటా కొలత ఉంటేనే ముందుగా మేలుకోవచ్చు. స్ట్రాబిల్యూరిన్‌ల విషయంలో ఒక జాతికి వర్తించిన భరోసా పక్క జాతికి వర్తించదు. ఏ దారిలో వచ్చిన నిరోధకతో తెలిస్తేనే ఏ మందును ఆపాలి, దేన్ని పొదుపుగా వాడాలి, దేనితో కలపాలి అన్న నిర్ణయాలకు అర్థం ఉంటుంది. అన్ని దారులకూ ఉమ్మడిగా పనిచేసే నియమం మాత్రం ఒక్కటే: ఒక వర్గం మందు ఒక కాలంలో శిలీంధ్రం మీద ఎంత తక్కువసార్లు పడితే, ఆ మందు అంత ఎక్కువ ఏళ్ళు రైతు చేతిలో ఉంటుంది.